ద్రవాభిసరణము

మాగాయ పెట్టు ఇండ్లలో మామిడికాయల చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో మూతవేసి ఉంచుదురు. ఒక్క చుక్క నీరు పోయరు. అయినను మూడవనాటికి జాడీలో ఊట నిండును, ముక్కలు వాడి మెత్తబడును. ఆ నీరు ముక్కలలోనిదే. అది వెలికి వచ్చుటకు మొదట కారణమగు వ్యాపారమునకు ద్రవాభిసరణమని పేరు.

మామిడిముక్క అసంఖ్యాకములగు కణముల కూర్పు. ప్రతి కణమునకును ఒక పలుచని పొర కలదు. అది నీటిని పోనిచ్చును గాని, నీట కరిగిన ఉప్పును, చక్కెరను అంత సులభముగా పోనీయదు. ఇట్టి పొరను అర్ధపారగమ్యమైన పొర యందురు. నీటి అణువులు ఎన్నడును ఊరకుండవు. పొరను ఇటునుండి అటు, అటునుండి ఇటు దాటుచునే యుండును. ఇరువైపుల మంచినీరే యున్నచో పోవునవియు వచ్చునవియు సమానము. ఒకవైపు ఉప్పు కరిగినచో ఆవైపునుండి దాటు అణువుల సంఖ్య తగ్గును. ఎదుటివైపునుండి వచ్చునవి వెనుకటివలెనే వచ్చును. జాడీలో చిక్కని ఉప్పునీరు కణమునకు వెలుపల నున్నది గనుక, లోనికి వచ్చు నీటికన్న బయటికి పోవు నీరే ఎక్కువ.

"ఉప్పు నీటిని పీల్చును" అనుట మాటవరుసకు చెల్లును గాని, విద్యార్థులు దానిని అక్షరాల నమ్మరాదు. పీల్చుటకు ఉప్పునకు నోరు లేదు. పొర లేనిదే ఈ తమాషాయు లేదు. పచ్చి బంగాళాదుంపలో గుంట తొలిచి, చక్కెరపాకము పోసి, దుంపను నీటిలో నిలిపినచో గుంటలోని మట్టము కొన్ని గంటలలో పైకి లేచును. ఉడికించిన దుంపతో లేవదు. ఉడుకుటతో పొరలు చెడినవి.

నీటి ఈ చొరబాటు ఎంత బలమైనది? జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఫెఫర్ దీనిని కొలిచి 1877లో ప్రకటించెను. ఆతడు మట్టికుండ రంధ్రములలో కాపర్ ఫెర్రోసయనైడు పొరను ఏర్పరచి, లోపల చక్కెరనీరు పోసి, నీటిలో ముంచెను. నూటికి ఒకపాలు చక్కెర యున్న ద్రావణమునకే 535 మిల్లీమీటర్ల పాదరసమును నిలబెట్టు పీడనము కలిగెను. అది ఏడు మీటర్లకు మించిన నీటికంబపు బరువుతో సమానము! రెండుపాళ్లయినప్పుడు పీడనము 1016కు పెరిగెను. ఈ అంకెలనుండియే వాంట్ హాఫ్ పలుచని ద్రావణములకు వాయుసూత్రమువంటి సూత్రమును రాబట్టెను. 1901లో రసాయనశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆతనిదే.

ఆసుపత్రిలో ఈ లెక్క తప్పిన ప్రాణమునకే ముప్పు. ఎర్రరక్తకణమును మంచినీటిలో వేసినచో నీరు లోనికి చొచ్చి, కణము ఉబ్బి పగులును. మిక్కిలి చిక్కని ఉప్పునీటిలో వేసినచో ముడుచుకొనిపోవును. అందుచేతనే ఎంత శుద్ధమైనదైనను వట్టి నీటిని సిరలోనికి ఎక్కింపరు. లీటరునకు 9 గ్రాముల ఉప్పు కలిపిన సెలైనులో కణము ఆకారము చెడక నిలుచును. దప్పిగొన్న నావికుడు సముద్రపునీరు త్రాగరాదనుటకును మూలము ఇదే. ఆ నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములున్నవి. వానిని విసర్జించుటకు మూత్రపిండములు త్రాగినదానికన్న ఎక్కువ నీటిని ఖర్చుచేయవలసి వచ్చును.

ఒక చిక్కుమాత్రము చిరకాలము మిగిలెను. కణపు పొర ముఖ్యముగా కొవ్వుపదార్థము. నీటికిని కొవ్వునకును పొత్తు లేదు. మరి ఎర్రరక్తకణమువంటి వానిలో నీరు అంత వేగముగా దాటుటెట్లు? అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రె ఎర్రరక్తకణముల పొరలో ఒక ప్రోటీనును కనుగొని, అది నీటికి దారియేమో యని అనుమానించెను. కప్ప అండములు మామూలుగా నీటిని అంత త్వరగా లోనికి రానీయవు. ఆ ప్రోటీనును తయారుచేయు ఆదేశమును, అనగా ఆర్.ఎన్.ఏ.ను, కొన్ని అండములలోనికి ఎక్కించి, పలుచని ద్రావణములో వేసిరి. ఎక్కింపని అండములు దాదాపు ఉన్నట్లే యుండెను. ఎక్కించినవి నిమిషములలో ఉబ్బి పగిలెను. ఈ ఫలితము 1992లో వెలువడెను. ఆక్వాపోరిన్ అను ఆ ప్రోటీను నడుమనున్న సన్నని సందులో నీటి అణువులు ఒకదానివెనుక ఒకటి బారులుతీరి నడచును; ఒక్కొక్క సందునుండి క్షణమునకు దాదాపు 300 కోట్ల అణువులు దాటగలవు.