ఫోనులో పాఠం – కొట్టంలో అభ్యాసం

పాడి రైతుల శిక్షణ ఇప్పుడు చాలావరకు ఫోనులోకి వచ్చింది. దూరం పోనవసరం లేదు, పని మానుకోనవసరం లేదు. ఇది మంచిదే. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సంఘాల తనిఖీలో మేము ఒక సంగతి గమనించాము. పొదుగువాపు వ్యాధిపై వీడియో చూశామనేవారు పలువురు. పాలు పితికే ముందు తొలి ధారలను విడిగా పిండి చూసేవారు కొందరే. చూడడం వేరు, నేర్చుకోవడం వేరు. ఈ తేడా ఎందుకు వస్తుందో సభ్యులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనిషి ఎలా నేర్చుకుంటాడనే దానిపై శాస్త్రజ్ఞులు చెప్పిన వాటిలో మూడు మాటలు మనకు ముఖ్యం.

మొదటిది, ఫలితం వెంటనే తెలియాలి. అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ చెప్పినది ఇదే. పాలు పోసిన వెంటనే వెన్న శాతం చీటీ చేతికి వస్తే సభ్యుడు మేపు గురించి ఆలోచిస్తాడు. పక్షం తరువాత తెలిస్తే ఏ రోజు మేతకు ఏ ఫలితం వచ్చిందో పోల్చుకోలేడు.

రెండవది, మనసుకు మోయగలిగినంతే బరువు పెట్టాలి. ఒక్కసారి విన్న అంశాలలో సుమారు ఏడింటినే మనసు పట్టుకోగలదని 1956లో జార్జి మిల్లర్ రాశారు. నేర్చినది మొదటి గంటలలోనే వేగంగా మరుపున పడుతుందని 1885లోనే జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ చూపారు. కనుక గంట ఉపన్యాసం కన్న అయిదు నిమిషాల పాఠం మేలు. వారం తరువాత దానినే మళ్ళీ చెప్పడం ఇంకా మేలు.

మూడవది, తెలిసినవారి పక్కన ఉండి చేయాలి. ఒంటరిగా చేయలేని పనిని మొదట ఒకరి సాయంతో చేసి, తరువాత స్వయంగా చేయగలమని రష్యా శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ చెప్పారు. మన ఇళ్ళలో పాలు పితకడం నేర్పేది ఇలాగే కదా!

దూరం నుండి వచ్చే పాఠాన్ని, దగ్గర ఉండి చేయించే అభ్యాసాన్ని కలపడమే మిశ్రమ బోధన. ఇది మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటికి పుస్తకం పంపుతూనే, అధ్యయన కేంద్రాలలో తరగతులు కూడా నడిపింది. 2020లో కోవిడ్ కాలంలో మన పిల్లలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో పాఠాలు విన్నారు. పక్కన అడిగి చెప్పించుకునే మనిషి లేని లోటు ఎంతటిదో అప్పుడు తల్లిదండ్రులందరికీ తెలిసింది.

పాఠం తయారు చేసేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న: ‘ఇది విన్న తరువాత సభ్యురాలు ఏ పని చేయగలగాలి?’ పొదుగువాపు పాఠమైతే ఆ పనులు నాలుగే. తొలి ధారలను నల్లని పళ్ళెంలో పిండి గడ్డలు, రక్తపు జీరలు ఉన్నాయేమో చూడడం; పొదుగు కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవడం; పితికిన తరువాత చన్నులను మందు ద్రావణంలో ముంచడం; వెంటనే మేత వేసి పశువును అరగంటసేపు పడుకోనివ్వకపోవడం. పితికిన వెంటనే చన్ను రంధ్రం మూసుకోదు గనుక, పడుకుంటే నేలమీది క్రిములు లోనికి పోతాయి. ఈ కారణం కూడా చెబితేనే పని గుర్తుంటుంది.

మరొక్క సంగతి. చాలా ఇళ్ళలో ఫోను మగవారి జేబులో ఉంటుంది, పాలు పితికేది ఆడవారు. పాఠం ఒకరికి, పని మరొకరికి అయితే నష్టపోయేది పశువు, ఆ ఇంటి ఆదాయం. అందుచేత సంఘాలు పాలు పోసే వేళనే పాఠాన్ని అందరికీ చూపి, అదే వారం ఒక సభ్యురాలి కొట్టంలో అందరిచేతా చేయించాలి.

పాఠాన్ని ఎందరు చూశారన్నది లెక్క కాదు. మరునాడు ఎన్ని కొట్టాలలో తొలి ధార విడిగా పడిందన్నదే లెక్క.