పగిలిన జీవామృతం డ్రమ్ముకి, బకెట్లకి ఇంట్లోనే అతుకు వేసుకోవడం ఎలా?



మన పల్నాడులో ప్రకృతి వ్యవసాయం చేసే ఏ ఇంటికెళ్ళినా 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కనపడుతుంది. ఎకరానికి ఒక డ్రమ్ము జీవామృతం అని మన లెక్క. మిరపకో పత్తికో తడి పెట్టే రోజు దగ్గరపడ్డాక ఆ డ్రమ్ము చీలిందంటే పని ఆగిపోద్ది. అప్పుడు చాలామంది పాత సామాన్ల కొట్టుకెళ్ళి, ముందు అందులో ఏం పోశారో కూడా తెలియని డ్రమ్ము తెచ్చుకుంటారు. సూక్ష్మజీవుల్ని పెంచాల్సిన డ్రమ్ములో మందుల అవశేషం ఉంటే మన కష్టమంతా నీళ్ళపాలే. పగిలిన పాత డ్రమ్మును గట్టు మీద తగలబెడితే ఆ పొగ మన పీల్పుకి, ఆ బూడిద మన నేలకి. అందుకే మన డ్రమ్మును మనమే బాగు చేసుకోవడం నేర్చుకుంటే మంచిది.

వెనకటికి ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాళ్ళు వీధుల్లోకి వచ్చేవాళ్ళు. ఇదీ అలాంటి పనే. కాకపోతే ఇక్కడ టంకం వాడం, అదే జాతి ప్లాస్టిక్‌ను కరిగించి వేస్తాం. చెయ్యి ఎలా కదపాలో వీడియోలో కనపడుతుంది. ఎందుకు అలా చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు జాతి తెలుసుకోండి

వస్తువు అడుగున త్రికోణం గుర్తు, అందులో ఒక అంకె ఉంటుంది. 2 అంటే హెచ్‌డీపీఈ. మన నీలం డ్రమ్ములు, క్యాన్లు ఎక్కువగా ఇదే. 5 అంటే పాలీప్రొపిలీన్. కుర్చీలు, చాలా బకెట్లు, మగ్గులు దీనితో చేస్తారు. 3 అంటే పీవీసీ.

హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీల దగ్గర, పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండూ కరుగుతాయి కదా అని 2కి 5 వేసి అతికిస్తే కలవవు. చూడటానికి అతికినట్టే ఉంటది, బరువు పడగానే ఊడిపోద్ది. అంకె కనపడకపోతే చిన్న ముక్క కోసి నీళ్ళలో వేయండి. మామూలుగా 2, 4, 5 రకాలు తేలతాయి, పీవీసీ మునుగుద్ది.

పీవీసీని మాత్రం ఐరన్‌తో కాల్చొద్దు. మాడితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. ఆ పైపులకు సాల్వెంట్ సిమెంటు ఉంది, అదే వాడండి. కుక్కర్ పిడి లాంటి బేకలైట్ వస్తువులు అసలు కరగవు, మాడతాయి అంతే.

"ఇంత తిప్పలెందుకు, ఫెవిక్విక్ వేస్తే పోలా?" అంటారు కొందరు. డ్రమ్ము, బకెట్ ప్లాస్టిక్ స్వభావం మైనం లాంటిది. మామూలు జిగురు దాని మీద పట్టు దొరక్క పొరలా లేచొస్తుంది.

కావలసినవి

నేను వాడేది 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్. కరెంటు లేనప్పుడు హ్యాక్సా బ్లేడు ముక్కకి చెక్క పిడి బిగించి, పొయ్యి మీద కాల్చి కూడా చేయొచ్చు. సన్నని స్టీలు జాలీ, చిన్న డ్రిల్లు, ముతక గరుకు కాగితం, అదే అంకె ఉన్న పాత ప్లాస్టిక్ నుంచి కోసిన సన్నని పట్టీలు ఉంటే చాలు. టంకానికి వాడిన మొన వద్దు. మామూలు టంకంలో సీసం ఉంటుంది, కాబట్టి దీనికి కొత్త మొన పెట్టుకోండి.

చేసే పద్ధతి

1. డ్రమ్మును కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తడి గానీ జిడ్డు గానీ ఉంటే అతుకులో బుడగలు వస్తాయి.

2. చీలిక రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. బలమంతా చీలిక మొన దగ్గరే పడుతుంది. మొన గుండ్రంగా అయితే చీలిక ఇంక ముందుకు పాకదు.

3. చీలిక వెంట నాగలి చాలులా మందంలో సగం దాకా గాడి తీయండి. ఇది చేయకపోతే పైన పూత మాత్రమే పడుద్ది, లోపల చీలిక అలాగే ఉంటది.

4. గాడి రెండు గోడల్నీ, పట్టీనీ ఒకేసారి మెత్తబరుస్తూ కలపండి. రెండు వైపులా కరిగితేనే అతుకు. పొగ వస్తుందంటే వేడి ఎక్కువైందని అర్థం, వెంటనే మొన తీసేయండి. మాడిన ప్లాస్టిక్‌కి బలం ఉండదు.

5. లోపలి వైపు జాలీ ముక్కను వేడితో ప్లాస్టిక్‌లోకి దింపి, పైన ఇంకో పొర కరిగించి పూర్తిగా కప్పేయండి. తీగ బయటికి కనపడితే తుప్పు పడుద్ది.

6. దానంతటదే చల్లారనివ్వండి. చన్నీళ్ళు పోస్తే ఒక్కసారిగా ముడుచుకుని పక్కనే కొత్త చీలిక రావచ్చు.

ముందు సగం నింపి ఒక రాత్రి ఉంచండి. కారకపోతే నిండా నింపండి. నిండిన డ్రమ్ములో 200 కిలోల నీళ్ళుంటాయి, ఒత్తిడి అడుగునే ఎక్కువ. అందుకే అడుగు చీలికకు లోపలా బయటా రెండు వైపులా అతుకు తప్పనిసరి.

ఈ పని ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని చేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

వీటి జోలికి వెళ్ళొద్దు

పెట్రోలు, డీజిల్, పురుగుమందులు పోసిన క్యాన్లను కాల్చి అతికించొద్దు. లోపల మిగిలిన ఆవిరి అంటుకోవచ్చు, విషపు పొగా రావచ్చు. గాలి కొట్టి ఒత్తిడితో పనిచేసే స్ప్రేయర్ ట్యాంకులకూ ఇది పనికిరాదు. అతికించిన బిందెను తాగే నీళ్ళకు కాకుండా వాడకం నీళ్ళకు పెట్టుకోండి. గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలే డ్రమ్ముకి అతుకు నిలవదు. ఎండకి దాని ప్రాణం అప్పటికే పోయింది.

ఎండలంటే రెంటచింతల పేరు చెప్పుకునే ప్రాంతం మనది. జీవామృతాన్ని ఎలాగూ నీడలో పెట్టి గోనెసంచి కప్పమంటారు. ఆ నీడ సూక్ష్మజీవులకే కాదు, డ్రమ్ముకి కూడా ఆయుష్షు. ఎత్తుపల్లాల రాళ్ళ మీద కాకుండా ఇసుక పరిచి దాని మీద నిలబెడితే అడుగు చీలదు.

మొదటిసారే డ్రమ్ము మీద చెయ్యి పెట్టకండి. పగిలిన మగ్గు మీద రెండు మూడు అతుకులు వేసి, చేత్తో వంచి చూడండి. అతుకు దగ్గర విరక్కుండా వంగితే మీ చెయ్యి కుదిరినట్టే. ఆ తర్వాత డ్రమ్ము పని పట్టండి.