పల్లీలు, గ్రుడ్డు: పసిబిడ్డకు ఎప్పుడు?

బిడ్డకు ఆరు నెలలు నిండి అన్నం ముట్టించే వేళ పల్లీలు, గ్రుడ్డు, చేపల ప్రస్తావన రాగానే ఇంటి పెద్దలు అడ్డుపడడం పరిపాటి. "ఏడాది నిండనివ్వండి" అంటారు నానీ, దాదీ. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టివేయదలచుకోలేదు. ఒకప్పుడు వైద్యులు సైతం అదే మాట చెప్పారు. అలెర్జీ ముప్పు అధికంగా గల శిశువులకు గ్రుడ్డు రెండేళ్ల వరకు, పల్లీలు మూడేళ్ల వరకు పెట్టరాదని 2000లో అమెరికా శిశువైద్యుల సంఘం సూచించింది. ఆలస్యం వలన మేలు కలుగుతుందనడానికి తగిన ఆధారం లేదని గ్రహించి 2008లో ఆ సూచనను విరమించుకొంది.

అదే ఏడాది ఒక ఆసక్తికరమైన పరిశీలన వెలువడింది. ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలకంటే బ్రిటన్‌లోని యూదు పిల్లలలో పల్లీల అలెర్జీ సుమారు పదిరెట్లు అధికమని తేలింది. వంశమూలాలు ఒకటే, తేడా తిండిలో ఉంది. ఇజ్రాయెల్ తల్లులు పల్లీలతో చేసిన మెత్తని చిరుతిండిని తొలి ఏడాదిలోనే పెడతారు. బ్రిటన్ తల్లులు పెట్టేవారు కాదు.

ఈ విషయాన్ని తేల్చేందుకు లండన్‌లో గిడియన్ లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా గానీ గ్రుడ్డు అలెర్జీ గానీ గల 640 మంది శిశువులను ఎంచుకొంది. చర్మపరీక్షలో అప్పటికే బలమైన ప్రతిస్పందన కనబడినవారిని చేర్చుకోలేదు. సగం మందికి పల్లీల ఆహారం క్రమంగా పెట్టారు, సగం మందికి మాన్పించారు. ఐదేళ్ల వయసుకు మాన్పించినవారిలో 17.2 శాతం మందికి అలెర్జీ వచ్చింది, తిన్నవారిలో 3.2 శాతానికే. 2015లో ఈ ఫలితం వెలువడ్డాక వైద్యుల సలహాయే మారిపోయింది.

కనుక ఆరు నెలల ప్రాంతంలో, బిడ్డ మెడ నిలిపి ఘనాహారం మింగగలిగినప్పుడు, తల్లిపాలు కొనసాగిస్తూనే ఇవి మొదలుపెట్టవచ్చు. పల్లీలను గింజలుగా ఎన్నడూ పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. వేయించి మెత్తగా నూరి, గోరువెచ్చని నీటిలోనో జావలోనో పలుచగా కలపాలి. గ్రుడ్డు పూర్తిగా ఉడకాలి. కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున, పగటిపూట, చెంచా కొనతో రుచి చూపించి కాసేపు కనిపెట్టుకొని ఉండాలి. జ్వరం, జలుబు ఉన్న రోజున వద్దు.

తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, ఏదైనా ఆహారం ఇదివరకే పడకపోయినా, ముందుగా శిశువైద్యుణ్ణి సంప్రదించాలి. ఇంట్లో ప్రయోగం తగదు. దద్దుర్లు లేచినా, పెదవులు ఉబ్బినా, వాంతులైనా ఆ పదార్థం ఆపి వైద్యునికి చూపించాలి. ఊపిరి కష్టమైనా, బిడ్డ వడలిపోయినా క్షణం ఆగక 108కు ఫోన్ చేయాలి.

ఇవేవీ కనబడకపోతే పరిమాణం మెల్లగా పెంచవచ్చు. ఒకసారి పెట్టి మరచిపోతే ప్రయోజనం నెరవేరదు; వారానికి రెండు మూడుసార్లు ఆ ఆహారం బిడ్డ పళ్లెంలో ఉండాలి.