రాతినేలపై తీపి పంట: సీతాఫల వృక్షము

దసరా సమీపించుసరికి వెంగళరావు నగరు కూడళ్లలో గంపల కెత్తి అమ్ముచుండు సీతాఫలములలో పెక్కు తోటలలో పండినవి కావు. గుట్టలమీదను, అడవి అంచులందును ఎవరును నీరు పోయకయే పెరిగిన చెట్లనుండి కోసి తెచ్చినవి. దేశమంతట పేరుగాంచిన ‘బాలానగర్’ రకము మహబూబ్‌నగర్ సీమలోని గ్రామము పేరనే ప్రసిద్ధమైనది. జూబిలీ హిల్స్‌లో 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమునందును ఈ చెట్లు గలవు.

ఇంతగా మన నేలకు అలవడిన ఈ వృక్షమునకు జన్మభూమి ఉష్ణమండల అమెరికా. పోర్చుగీసు నావికుల వెంట 16వ శతాబ్దమున భారతదేశమునకు వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞులలో పెక్కుర అభిప్రాయము. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు గుట్టలపై, మన్ను స్వల్పమై, నీరు దుర్లభమై, మేకల మందలు మాత్రము సమృద్ధిగా తిరుగాడు చోట ఇది నిలదొక్కుకొనుటకు రెండు కారణములు గలవు.

మొదటిది విషము. ఆకులందును, గింజలందును గల ఎసిటోజెనిన్లు అను పదార్థములు కీటకములకు ప్రాణాంతకములు. ఆకు ఘాటునకు మేకలు సైతము మూతి త్రిప్పుకొనును. పేలు పోవుటకై గింజల పొడిని తలకు పట్టించు వాడుక కలదు గాని, ఆ పొడి కంటబడినచో చూపునకే ప్రమాదము.

రెండవది ఎండను ఓర్చు నేర్పు. ఆకు తొడిమ మొదలును ఒకమారు పరిశీలింపుడు: అచ్చట కనబడవలసిన మొగ్గ కానరాదు, అది తొడిమ అడుగున దాగియుండి, ఆకు రాలిన పిమ్మటనే బయల్వెడలును. ఈ చెట్టు ఆకు రాల్చి నీటి వ్యయమును అరికట్టి, వేసవిలో క్రొత్త చిగురుతోపాటు పూవులను గూడ తొడుగును.

ఇంతటి గట్టి చెట్టునకు బలహీనత యెల్ల పూవునందే కలదు. దళసరియైన మూడు లేత ఆకుపచ్చ రేకుల నడుమ స్త్రీ, పురుష భాగములు రెండును ఉన్నను, కీలాగ్రములు ముందుగా పక్వమై, పుప్పొడి రాలు వేళకు ఎండిపోవును. కావున ఒక పూవు తన్ను తాను ఫలింపజేసికొనజాలదు. పుప్పొడిని మోయునవి తేనెటీగలు గావు, రేకుల సందున దూరు చిన్ని పెంకుపురుగులు. పూవులోని అండకోశములలో ఫలదీకరణము చెందిన ప్రతిదియు పండుపై ఒక కన్నుగా ఉబ్బును. చెందనివి ఎదుగక నిలిచిపోవుటచే పండు ఒక ప్రక్కకు ఒరిగి వంకరయగును. వంకర కాయ చీడ గుర్తు కాదు, పురుగులు చాలినన్ని రాలేదనుటకు సాక్ష్యము.

కన్నుల నడుమ సందులు విచ్చి తెల్లబారినప్పుడు కోసిన కాయ కొద్ది దినములలో ఇంటనే పండును. పచ్చికాయను ఫ్రిజ్‌లో ఉంచినచో నల్లబడునే గాని చక్కగా పండదు.

పెరడు గలవారు ఒక్క సీతాఫలపు మొక్కను నాటుడు. పూతవేళ పురుగుమందు చల్లకుడు. ప్రాతఃకాలమున పూర్తిగా విచ్చిన పూల పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, సగము విచ్చిన పూల కీలాగ్రములకు అద్దుడు. కాపు హెచ్చుటయే గాక కాయలు నిండుగా ఎదుగును.