తెల్లబట్ట, వ్రేళ్ల ఒరుపు: దాచవలసిన జబ్బులు కావు

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టి జీవించుచున్నారు. సిరిసిల్లలో మరమగ్గముల నడుమ చెమటోడ్చి పనిచేయుచున్నారు. నాట్లకాలమున కూలీల కాళ్లు దినమంతయు బురదలో నానుచుండును. తడియు, వెచ్చదనమును గల చోటనే ఈస్టు జాతి బూజు పెరుగును. దీనిని గూర్చి పంచాయతీ సభ్యులు ఎరుగదగిన సంగతులను ఇచట వివరించుచున్నాము.

ఈ వ్యాధికి మూలము కాండిడా అను సూక్ష్మజీవి. ఇది ఆరోగ్యవంతుల నోటను, ప్రేవులలోను, స్త్రీల జననాంగమునందును కొలదిగా ఉండనే యుండును. మధుమేహము, గర్భము, ఆంటీబయాటిక్ మందుల వాడకము దీని పెరుగుదలకు తోడ్పడును. నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితకాలమున ఒక్కసారియైనను ఇది కలుగునని వైద్యుల అంచనా. కనుక దీనిని నడవడితో ముడిపెట్టి స్త్రీని నిందించుట అన్యాయము.

గుర్తించుట యెట్లు? జననాంగమున తీవ్రమైన దురద, మంట, పెరుగు విరిగినట్టి తెల్లబట్ట కానవచ్చును. దుర్వాసన సాధారణముగా నుండదు. వ్రేళ్ల సందులలో చర్మము నాని తెల్లబడి చిట్లును. శిశువుల నోట తెల్లని పూత ఏర్పడును. దుర్వాసన, పసుపు లేక ఆకుపచ్చ స్రావము, జ్వరము, పొత్తికడుపు నొప్పి, రక్తము కనిపించినచో అది వేరొక వ్యాధి కావచ్చును. జాగు చేయక వైద్యుని చూడవలెను.

చికిత్స సులభము. జననాంగమున నుంచు క్లోట్రిమజోల్ బిళ్లలు గాని, నోటితో మ్రింగు 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మాత్ర ఒకటి గాని సామాన్యముగా సరిపోవును. గర్భిణులు మ్రింగు మాత్రను వాడరాదు; వారికి పైమందే తగినది. చర్మమునకు క్లోట్రిమజోల్ లేపనము పూసి, ఆ చోటును పొడిగా నుంచవలెను. స్టెరాయిడు కలిసిన లేపనములు దురదను తాత్కాలికముగా అణచి, వ్యాధిని లోలోపల పెంచును. 2018 నుండి వీటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదను నియమము కలదు. మనది పసుపు పండు సీమయే. అయినను పసుపు, పెరుగు, సబ్బునీరు జననాంగము లోపల వాడుట మేలు కాదు. వ్యాధి మాటిమాటికి వచ్చుచున్నచో రక్తములో చక్కెరను పరీక్షింపించవలెను. దాగియున్న మధుమేహము ఇట్లు బయటపడుట కలదు.

ఇక పంచాయతీ కర్తవ్యము. ఆరోగ్య ఉపకేంద్రమున స్త్రీలు చాటుగా మాటలాడుటకు ఒక తెర, ఒక గది ఉన్నవో లేవో సభ్యులు చూడవలెను. బీడీ కార్ఖానాలలోను, మగ్గముల షెడ్లలోను మరుగుదొడ్డి, నీరు ఉండునట్లు యజమానులతో మాటలాడవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘపు సమావేశమున మహిళా సభ్యురాలు, ఆశా కార్యకర్త కలిసి ఈ విషయమును ప్రస్తావింపవచ్చును. కొలది దినముల మందుతో పోవు బాధను సిగ్గుచే ఏండ్ల తరబడి భరించు స్త్రీ మన గ్రామమున ఒక్కతెయు నుండరాదు.