అడవి బంగళా – బాటసారి మర్యాద

'ముసాఫిర్' అన్నది అరబీ పదము. ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి 'ముసాఫరు బంగళా' అన్న మాటలో స్థిరపడినది. ప్రయాణములో ఉన్నవారు దిగే ప్రభుత్వ భవనానికి మన పెద్దలు పెట్టిన పేరది. రహదారుల వెంట ఉన్న అట్టి బంగళాలను అందరూ ఎరుగుదురు. అడవి లోపల ఉన్నవాటి చరిత్ర ఎరిగినవారు తక్కువ. నేడు అటవీ శాఖ అడవులలోని కొన్ని బసలను యాత్రికులకు ఇస్తున్నది. కనుక ఈ బంగళాలు ఎందుకు పుట్టినవో, అక్కడ ఏ రీతిన మెలగవలెనో మా విద్యార్థుల కొరకు వివరింపదలచాము.

మన కమలాపురం మీదుగా సాగే చెన్నై–ముంబయి రైలుమార్గమున కడప, రాజంపేట, కోడూరు దాటిన పిమ్మట శేషాచలం అడవి ఎదురవుతుంది. బాలపల్లె, మామండూరు స్టేషన్లు ఈ అడవుల చెంతనే ఉన్నవి. మామండూరులో ఆంగ్లేయుల నాటి అటవీ విడిది ఉన్నది. వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ మామండూరు నరభక్షక వ్యాఘ్రమును గురించి ఒక కథనము వ్రాసియున్నాడు. ఈ కొండలలో 353 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానముగా ప్రకటించిరి. ఎర్రచందనము సహజముగా పెరిగే అరుదైన సీమ ఇది.

అడవిలో బంగళాల అవసరమేమి? మద్రాసు రాజధానిలో అటవీ శాఖ 1856లో ఏర్పడినది. డాక్టరు హ్యూ క్లెగ్‌హార్న్ దానికి తొలి కన్సర్వేటరు. రైలుపట్టాల క్రింది దిమ్మెలకు, ఇంజన్లలోని వంటచెరకుకు కలప విస్తారముగా ఖర్చగుచున్న కాలమది. అడవిని లెక్కించి, హద్దులు నిర్ణయించి, నరకుడును అదుపు చేయుటకు అధికారులు నెలల తరబడి అడవిలోనే సంచరింపవలసి వచ్చెను. గుర్రము మీదనో కాలినడకననో ఒక దినములో చేరదగిన దూరమున, నీటి వసతి చూచి, బసలు కట్టించిరి. అనగా ఇవి విలాసమునకు గాక పనికై పుట్టిన ఇండ్లు.

వాటి నిర్మాణమే ఈ సంగతిని చెప్పును. నేల చెమ్మ, పాములు దరిచేరకుండ ఎత్తైన అరుగు. ఎండవేడిమి లోనికి రాకుండ మందపు గోడలు, చుట్టూ వసారా. వేడిగాలి పైకి పోవుటకు ఎత్తైన పెంకుల కప్పు. పొగ, నిప్పు భయము లేకుండ ఇంటికి దూరముగా వంటశాల. విద్యుచ్ఛక్తి లేని కాలమున ఉష్ణప్రదేశములో నివసించుటకు ఇంతకంటె తెలివైన ఏర్పాటు అరుదు.

అయితే ఈ చరిత్రకు రెండవ పార్శ్వము కూడ గలదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో అడవిలో పశువులను మేపుట, కట్టెలు కొట్టుట వంటి తరతరాల అలవాట్లు అనుమతులకు, రుసుములకు, జుల్మానాలకు లోబడినవి. బంగళాలో దొరగారికి దీపము వెలిగిన రాత్రి, గ్రామములో రైతు తన పశువులు బందెలదొడ్డి పాలగునేమోనని చింతించెడివాడు. ఈ బాధయే 1921–22లో పలనాట పుల్లరి సత్యాగ్రహమై రగిలినది. కన్నెగంటి హనుమంతు 1922లో అందు ప్రాణములర్పించెను. అడవిలో జీవించువారి హక్కులను గుర్తించు చట్టము 2006లో గాని రాలేదు.

అమెరికాలో సైతము జాతీయ అరణ్యములలో అటవీ ఉద్యోగులకై కట్టిన పాత కొయ్య ఇండ్లను, మంటలను కనిపెట్టు కావలి గృహములను ప్రజలకు అద్దెకు ఇస్తున్నారు. పలుచోట్ల దీపము, నీరు, దుప్పటి ఎవరివి వారే తెచ్చుకొనవలెను; పోవునపుడు ఇల్లు ఊడ్చి పోవలెను. ఇంటిని ఇల్లుగా వాడినంత కాలమే అది నిలుచునని వారు గ్రహించిరి. పాడుపెట్టిన ఇంటిని చెదలు, వాన త్వరలోనే నేలగూల్చును.

ఇస్లాము జకాతు పొందదగిన ఎనిమిది వర్గములలో బాటసారిని చేర్చినది. అదే ధర్మము బాటసారికి బాధ్యతను కూడ విధించినది: ఆతిథ్యము మూడు దినములు, ఇంటివారిని ఇబ్బంది పెట్టునంత కాలము అతిథి ఉండరాదు. అడవి బంగళాలో మనకు ఆతిథ్యమిచ్చువారెవరు? గది తాళము తెరచిన కావలివాడు, ఆ చుట్టుప్రక్కల బ్రతుకుచున్న యానాదులు, వాగు నీటికి రాత్రివేళ వచ్చు మూగజీవులు. అందరికంటె వెనుక వచ్చినవారము మనమే.

ఒక్క ఉదాహరణము చాలును. 1900 తరువాత కానరాక, అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిన కలివికోడి 1986లో మన జిల్లాలోని లంకమల ప్రాంతమున మరల దొరికినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి అన్వేషణకు ఆధారమైనది స్థానికుల ఎరుకయే. రాత్రి సంచరించు అట్టి పక్షి ఉన్న అడవులలో పాటల పెట్టె మ్రోగించుట, దీపములు తిప్పుట ఎంత అనుచితమో వేరుగ చెప్పనక్కరలేదు.

కనుక విహారయాత్రకు బయలుదేరు విద్యార్థులకు మా మనవి ఇది. ముందుగా అటవీ శాఖ అనుమతి పొందుడు. వేసవిలో నిప్పు ముట్టింపకుడు. తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తీసికొనిపొండు. చీకటిపడిన పిమ్మట మాట తగ్గింపుడు. కావలివానిని 'అన్నా' అని పిలిచి, ఆ అడవిని గురించి అడిగి తెలిసికొనుడు. దొరల కాలమున ఆ వసారాలో కూర్చున్నవారికి అడుగవలసిన అవసరము తోచలేదు. మనకు తోచవలెను.