రాత్రిపూట పగటి వెలుతురు ఎందుకు?

బాల్కొండ, ఆర్మూర్ వైపు పసుపు పండించేవారికి వెలుతురు విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టిన కొమ్మును విరిచి లోపలి రంగు చూడాలంటే పగటి వెలుతురే కావాలి. పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ నీలి కాంతిని పీల్చుకుని పసుపు, ఎరుపు కాంతులను వెనక్కి పంపుతుంది. పడే వెలుతురులో ఏ రంగు తక్కువైతే వస్తువులోనూ ఆ రంగు వెలవెలబోతుంది. గోడకైనా, కంచంలో కూరకైనా, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖానికైనా ఇదే లెక్క.

వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు. నూనె దీపానిది సుమారు 1900, పాత ఫిలమెంట్ బల్బుది 2700, ‘కూల్ డేలైట్’ ఎల్‌ఈడీది 6500. అంకె పెరిగేకొద్దీ వెలుతురు పసుపుదనం వదిలి నీలం వైపు జరుగుతుంది. 2015 జనవరిలో ఎల్‌ఈడీ బల్బులను చవకగా అందించే ప్రభుత్వ ఉజాలా పథకం మొదలయ్యాక 9 వాట్ల ఎల్‌ఈడీలు ఊరూరికీ చేరాయి. 60 వాట్ల బల్బు పని వాటితోనే సరిపోయి కరెంటు బిల్లు తగ్గింది. తెల్లగా ఉంటేనే మంచి లైటన్న నమ్మకం మాత్రం బలపడింది. దాంతో వంటిల్లు, పడకగది, దేవుని అర్ర అన్నీ ఒకే తెలుపులోకి వచ్చేశాయి.

పసుపు వెలుతురుకూ ఈ తెలుపుకూ ఉన్న తేడా ఒంటికి తెలుస్తుంది. చూపుతో పాటు పగలా రాత్రా అన్న సమాచారాన్ని మెదడుకు చేరవేసే కణాలు కంటిలో ఉన్నాయని 2002లో తేలింది. 480 నానోమీటర్ల చుట్టూ ఉండే నీలి కాంతికి అవి బాగా స్పందిస్తాయి. ఆ కాంతి ఎక్కువగా పడితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గి ఒళ్లు చురుగ్గా ఉంటుంది. పద్దులు రాసేటప్పుడు ఆ చురుకుదనం మేలే. నడుం వాల్చే వేళకు అదే అడ్డు.

రంగుతో పాటు దీపం ఉన్న చోటు కూడా ముఖ్యం. పెంకుటిళ్లలో గోడ గూట్లో పెట్టిన దీపం కూర్చున్నవారి దగ్గరే వెలిగేది. మిగతా గది మసకగా ఉండడంతో అందరూ అక్కడికే చేరేవారు. నడినెత్తిన ఒక్కటే లైటుంటే కళ్ల కింద నీడలు పడి మనుషులు అలసినట్టు కనిపిస్తారు. గోడ రంగు కూడా లెక్కలోకి వస్తుంది. తెల్ల సున్నం పడిన వెలుతురులో చాలా భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది, ముదురు రంగు మింగేస్తుంది.

అందుకే గదికి రెండు స్విచ్‌లు పెట్టించుకోండి. వంటగట్టు మీద, పిల్లల చదువు బల్ల దగ్గర 4000 నుంచి 6500 కెల్విన్ల వెలుతురు, పడకగదిలో, సాయంత్రం కూర్చునే చోట 2700 నుంచి 3000 కెల్విన్ల దీపం, అదీ కంటి ఎత్తుకు కాస్త కిందగా ఉండేలా చూసుకోండి. రంగులు సరిగ్గా కనిపించాలంటే, వెలుతురు వాటిని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్‌ఐ 90కి తగ్గకూడదు. ఈసారి బల్బు కొనేటప్పుడు డబ్బా మీద వాట్లతో పాటు కెల్విన్లు, సీఆర్‌ఐ అనే ఈ రెండు అంకెలూ చదవండి.